రొయ్యల రైతు ఇంటి నుంచి ఆక్వా చదువుకు: బీఎఫ్‌ఎస్సీ మేలా, బీఎస్సీ ఆక్వాకల్చర్ మేలా?

గట్టుమీది అమ్మాయి:
పెద్దలందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లె. నాన్నగారు పదిహేనేళ్లుగా నాలుగెకరాల్లో వనామి రకం రొయ్యల సాగు చేస్తున్నారు. నేను ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేశాను, ఆక్వా రంగంలోనే చదువుకోవాలని నిశ్చయించుకున్నాను. నాన్నగారు మాత్రం, చెరువు గట్టు మీద తెలియనిది కాలేజీలో ఏం తెలుస్తుందని అడుగుతున్నారు. ఆయన అలా అనడానికి కారణం ఉంది. పోయిన వేసవి పంటలో అరవయ్యో రోజున వైట్ గట్ (రొయ్య పేగు తెల్లబడడం) కనిపించినప్పుడు వారం రోజుల్లో నలుగురు వచ్చి చూశారు. నలుగురూ నాలుగు రకాల మందులు రాసిచ్చారు, నాన్నగారు అన్నీ తెచ్చి వేశారు. అయినా తొంభయ్యో రోజుకు కూడా రొయ్య 120 కౌంట్ (కిలోకు 120 తూగే సైజు) దాటి ఎదగలేదు. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయిన రాత్రి ఆ మందుల బిల్లులన్నీ ముందు వేసుకుని కూర్చున్నాను గానీ, అందులో ఏది అవసరమో ఏది అనవసరమో నాకు ఒక్కటీ అర్థం కాలేదు. ఈ చదువు చదవాలని నాకు ఆ రాత్రే అనిపించింది. ఊరి దగ్గర డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఆక్వాకల్చర్ చేరడం మంచిదా, నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్‌ఎస్సీకి ప్రయత్నించడం మంచిదా? చెరువు నిర్వహణ, లెక్కలు నిజంగా అక్కడ నేర్పుతారా?

ముత్తుకూరు పూర్వ విద్యార్థిని:
చెల్లీ, మీ ప్రశ్న చదివాక వెంటనే జవాబు రాయాలనిపించింది. వీలైతే బీఎఫ్‌ఎస్సీకే వెళ్లండి. ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్‌లో బైపీసీ ర్యాంకు ఆధారంగా సీటు వస్తుంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులోని మత్స్య కళాశాల 1991 నుంచి నడుస్తోంది. ఇక 2020లో చట్టం చేసి ఏర్పాటు చేసిన మత్స్య విశ్వవిద్యాలయానికి మీకు దగ్గరలోని నర్సాపురమే కేంద్రం. మూడేళ్ల బీఎస్సీని నేను తక్కువ చేయడం లేదు. అయితే బీఎఫ్‌ఎస్సీ చివరి ఏడాదిలో రైతుల దగ్గర, రొయ్య పిల్లను ఉత్పత్తి చేసే హేచరీల్లో, ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఉండి పనిచేయాలి. పైచదువుకు ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈ వంటి సంస్థల్లో ఎంఎఫ్‌ఎస్సీకి వెళ్లాలన్నా ఈ డిగ్రీయే దారి.

మీ పోయిన పంట గురించి ఒక మాట చెప్పాలి. అరవై రోజులకు వైట్ గట్ రావడం, తర్వాత ఎదుగుదల నిలిచిపోవడం చూస్తే మొదట అనుమానించవలసింది ఈహెచ్‌పీ. ఇది రొయ్య కాలేయం లాంటి అవయవంలో చేరి, తిన్న మేత ఒంటికి పట్టకుండా చేసే సూక్ష్మజీవి. 2009లో థాయిలాండ్‌లో దీనికి పేరు పెట్టి వర్ణించారు. చెరువులోకి వచ్చాక దీన్ని నయం చేసే మందు లేదు. రొయ్య పిల్లను చెరువులో వదలకముందే, క్రిమి జాడ పట్టే పీసీఆర్ పరీక్ష చేయించడం, పంటకూ పంటకూ మధ్య చెరువును బాగా ఎండబెట్టి మట్టిని శుద్ధి చేయడం మాత్రమే మన చేతిలో ఉన్నవి. వ్యాధుల పాఠంలో ఈ ఒక్క సంగతి తెలిసిన మనిషి ఆ రోజు మీ గట్టు మీద ఉంటే, ముందు రొయ్యను పరీక్షకు పంపించేవారు. ఫలితం వచ్చేదాకా ఆ నాలుగు బిల్లుల్లో చాలావరకు పుట్టేవే కావు.

నీటి రసాయన శాస్త్రం కూడా ఇలాగే ఉపయోగపడుతుంది. అమ్మోనియా ఎక్కువగా ఉన్న చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 8.8 చూపిస్తున్నప్పుడు ఎవరో చెప్పారని సున్నం చల్లితే, పీహెచ్ ఇంకా పెరిగి, అదే అమ్మోనియాలో విషంగా మారే భాగం ఇంకా పెరుగుతుంది. ఈ పొరపాటును నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే మూడు చెరువుల్లో చూశాను.

ఆకివీడు రైతు:
అమ్మా, నేను పదో తరగతితో ఆగిపోయిన వాడిని, టైగర్ రొయ్య రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నాను. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువులకు చెరువులే పోవడం చూశాను. 2009 తర్వాత వనామి రావడం చూశాను. మీ నాన్నగారి మాటను తీసిపారేయవద్దు. రొయ్య మేత ఎలా తింటోందో చూసే చెక్ ట్రే పైకి లాగగానే రొయ్య మీసం, పేగు నిండుదనం, మలం రంగు చూసి మేత తగ్గించాలా, పెంచాలా అని చెప్పే చూపు పుస్తకంతో రాదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన పక్కన నిలబడి అది నేర్చుకోండి.

అయితే నాకు జరిగిన నష్టం కూడా చెప్పాలి. ఒక దుకాణదారు లేబుల్ లేని సీసా ఇచ్చి, ఇది వేస్తే పేగు బాగవుతుందన్నాడు, నేను నమ్మి మేతలో కలిపాను. పట్టుబడికి ముందు పరీక్షలో నిషేధిత యాంటీబయాటిక్ అవశేషం బయటపడింది. కొనుగోలుదారు వెనక్కి తగ్గాడు, వచ్చిన ధరకు సరుకు వదులుకోవలసి వచ్చింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లను రొయ్యల సాగులో వాడకూడదని, వాటి జాడ ఉంటే యూరప్‌లో కంటైనర్‌ను ఆపేస్తారని నాకు ఆ తర్వాతే తెలిసింది. మా ఇంట్లో చదువుకున్న పిల్ల ఒకరు ఉండి, సీసా మీద పేరేదని అడిగి ఉంటే నాకు ఆ నష్టం తప్పేది.

హేచరీ మేనేజర్:
నిర్వహణ నేర్పుతారా అని అడిగారు. ఆర్థిక శాస్త్రం, విస్తరణ పాఠాలు ఉన్నాయి కానీ లెక్క అలవాటు కావాలంటే సొంత చెరువే మంచిది. ఎకరాకు లక్ష పిల్ల వేసి, 80 శాతం బతికి, 50 కౌంట్‌లో పట్టుబడి చేస్తే 1,600 కిలోలు వస్తాయి. దానికి 2,240 కిలోల మేత పట్టిందంటే మేత మార్పిడి (కిలో రొయ్యకు పట్టిన మేత కిలోలు) 1.4 అన్నమాట. అదే 1.7కు పోతే 480 కిలోలు అదనం. కిలో 90 రూపాయలనుకుంటే ఎకరాకు 43,200 రూపాయలు నీళ్లలో కలిసినట్టే. సాగు ఖర్చులో సగం దాకా మేతదే కాబట్టి, మందుల బిల్లు కన్నా ముందు ఈ లెక్క చూడాలి. సీటు వచ్చేదాకా ఆగవద్దు. తెల్లవారుజామున నాలుగింటికి, మధ్యాహ్నం రెండింటికి ఆక్సిజన్, పీహెచ్, రోజు మేత ఒక నోటుబుక్కులో రాయడం ఇప్పుడే మొదలుపెట్టండి. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది కనుక అది బాగా తగ్గేది తెల్లవారుజామునే. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఎన్ని తిప్పాలో ఆ అంకెను బట్టే తెలుస్తుంది.

గట్టుమీది అమ్మాయి:
అందరికీ కృతజ్ఞతలు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో బీఎఫ్‌ఎస్సీనే మొదటి ఐచ్ఛికంగా పెడుతున్నాను. నిన్న నాలుగింటికి నాన్నగారితో గట్టు మీదకు వెళ్లి ఆక్సిజన్ మీటరు పెడితే తక్కువగా, 3.1 చూపించింది. ఆయన మాట్లాడకుండా వెళ్లి ఆపి ఉన్న రెండో ఏరేటరు వేశారు. మధ్యాహ్నం నేను భోజనం చేస్తుండగా, రెండయింది, నోటుబుక్కు తీసుకుని రమ్మని ఆయనే పిలిచారు.