సింగపూర్ పోతన్నా: మళ్ళీ ఏదన్నా వైరస్ వస్తే అక్కడ మన పరిస్థితేంది?

కోవూరు (కొత్త సభ్యుడు):
అందరికీ నమస్కారం. నాది కోవూరు. సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చెన్నైలో ఎక్కతన్నా. రెండు సందేహాలు. నా కోవిన్ (కోవిడ్ టీకా) సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. దాంతో ఇబ్బందేమన్నా వస్తదా? రెండోది అమ్మ అడగమంది. 2020లో మాదిరి ఇంకేదన్నా అంటుజబ్బు మొదలైతే, ఒంటిగా ఉండే మనిషిని అక్కడ ఏం చేస్తారు?

కావలి, సింగపూర్:
తమ్ముడూ, సర్టిఫికెట్ సంగతి తర్వాత. గది తీసుకునేటప్పుడు అగ్రిమెంటుకి స్టాంప్ డ్యూటీ కట్టారో లేదో ముందు అది చూసుకో. ఎందుకు చెప్తన్నానో విను.

2020 మార్చిలో నాయనకి బాగాలేదంటే కావలి వచ్చా. అప్పటికే రాష్ట్రంలో మొదటి కేసు మన నెల్లూరులోనే తేలింది, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి, మార్చి 12న. 22 నుంచి విమానాలు ఆపేస్తారనగానే ఆదరాబాదరా చెన్నై పోయి ఎక్కా. సింగపూర్‌లో అప్పుడే రూలు మారింది. ఏ దేశం నుంచి దిగినా 14 రోజులు గడప దాటకూడదు. ఆ కాగితం పట్టుకొని అర్ధరాత్రి ఇంటికి పోతే ఇంటామె తాళం తియ్యలా. ఇనప గ్రిల్లు లోపల నిలబడే మాట్లాడింది. నా సూట్‌కేసు, రైస్ కుక్కర్, అమ్మ పెట్టిచ్చిన మాగాయ సీసా అన్నీ లిఫ్ట్ పక్కన గోడకి ఆనించి ఉన్నాయి. కుక్కర్ వైరు చుట్టి రబ్బరు బ్యాండు కూడా వేసింది. "ఇంట్లో ముసలోళ్ళున్నారు, నువ్వు రావద్దు" అనింది. ఆమె భయం నాకు తెలుసు. కానీ ఆ 14 రోజుల్లో బయట తిరిగితే 10,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, వర్క్ పాస్ కూడా పోద్ది. లోపలికి రానిచ్చే ఇల్లే లేనప్పుడు నేను ఏ ఇంట్లో ఉండాల? మెట్ల మీద కూర్చొని కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు కొట్టా. తెల్లారిందాకా ఎవురూ ఎత్తలా. పొద్దున మేనేజరు ఎత్తి ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో పెట్టించాడు. అక్కడ ఫోనుకి లింకు పంపేవాళ్ళు, నొక్కి ఎక్కడున్నామో చూపించాల. ఉన్నట్టుండి వీడియో కాల్ చేసి గదంతా తిప్పి చూపించమనేవాళ్ళు. అదంతా పద్ధతిగానే చేశారు, సర్కారుని నేను ఒక్కమాట అనను.

అడ్వాన్సు మాత్రం తిరిగి రాలా. రెండేళ్ళకు మించని ఇంటి లీజు తగాదాలు తీర్చే చిన్న ట్రిబ్యునల్ ఒకటుంది. అక్కడికి పోదామంటే నా కాగితానికి స్టాంపు లేదు. స్టాంపు లేని అగ్రిమెంటు సాక్ష్యానికి పనికిరాదు.

బుచ్చి, సింగపూర్:
అన్నా, స్టాంపు తర్వాతైనా కట్టొచ్చు, కాకపోతే జరిమానాతో. పైగా క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళని బయటికి గెంటే ఓనర్లకి, ఇంక విదేశీ పనివాళ్ళకి ఇల్లు ఇవ్వనీకుండా చేస్తామని సర్కారు 2020 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఫిర్యాదు చేసుంటే పనయ్యేది. కోవూరు తమ్ముడికి నేను చెప్పేది ఒకటే, ఈ దేశాన్ని నమ్ము. 2003లో సార్స్‌కి ఇక్కడ 33 మంది పోయారు. ఆ దెబ్బతో అప్పటికే ఉన్న అంటువ్యాధుల చట్టాన్ని గట్టి చేసి, ప్రత్యేక ఆస్పత్రి, రంగుల హెచ్చరికలు అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నారు. 2020 ఫిబ్రవరి 7కే ఆరెంజ్ ప్రకటించారు. మనకింకా ఆ జబ్బు పేరే నోరు తిరగని రోజులవి. టీకా మాత్రం ఉండాల, లేకపోతే ఆఫీసులోకి అడుగు పెట్టనివ్వరు.

వింజమూరు, కువైట్:
బుచ్చి అన్నా, అంత గొప్పగా చేసినోళ్ళు విదేశీ పనివాళ్ళుండే డార్మిటరీలని ఎట్టా మర్చిపోయారు? మా తమ్ముడు అక్కడే ఉన్నాడు, గదికి పన్నెండు మంది, బంకు మంచాలు. 2020లో ఆ దేశంలో తేలిన కేసుల్లో పదింట తొమ్మిదికి పైన డార్మిటరీల పనివాళ్ళవే. ఏడాది చివర రక్తపరీక్షలు చేస్తే దాదాపు సగం మందికి వచ్చిపోయిందని వాళ్ళే చెప్పారు. ఊళ్ళో జనం హోటళ్ళకీ, షాపులకీ పోతంటే మావాడు పని, గది, పని, గది. మంచి వైద్యం చేశారు, జీతం ఆపలా, కాదనను. కానీ మనిషి లోపల ఏమైపోయాడో ఫోన్లో గొంతు వింటే నాకు తెలుస్తానే ఉంది.

కువైట్‌లో మాకూ అంతే. జలీబ్, మహబూలా రెండు పేటల్ని 2020 ఏప్రిల్‌లో చుట్టూ మూసేశారు. ఉండేది ఎక్కువ మనబోటి వాళ్ళే. మే 10 నుంచి 30 దాకా దేశమంతా కర్ఫ్యూ. ఆగస్టు నుంచి ఇండియా వాళ్ళు నేరుగా రాకూడదన్నారు. దుబాయ్‌లో 14 రోజులుండి పోయినోళ్ళు వేల మంది, ఆ ఖర్చు భరించలేక ఉదయగిరి, వింజమూరు వైపు ఆగిపోయినోళ్ళూ ఉన్నారు. తర్వాత టీకాల గోల. కోవిషీల్డ్ చెల్లింది, కోవాక్సిన్ వేయించుకున్నోళ్ళు ఇరుక్కున్నారు. అందుకే తమ్ముడూ, నీ పాస్ ఏ రకమో, రోగం వస్తే ఏ బిల్లు కంపెనీ కడతదో ఎక్కేలోపే కాగితం మీద రాయించుకో.

ఒంగోలు, మెల్‌బోర్న్:
మీకు లోపలైనా చోటు దొరికింది తమ్ముళ్ళూ. 2020 మార్చి 20న ఆస్ట్రేలియా తలుపు మూస్తే, మా ఆయన ఒంగోలులో, నేనిక్కడ. నాది అప్పుడు టెంపరరీ వీసా. చదువుల వీసాల వాళ్ళకీ, పని వీసాల వాళ్ళకీ 2021 డిసెంబర్ 15న గానీ దారి తెరవలేదు. ఇంక 2021 మే 3 నుంచి 15 దాకా జరిగింది నేను జన్మలో మర్చిపోను. ఇండియా నుంచి వస్తే సొంత పౌరులకైనా సరే అయిదేళ్ళ దాకా జైలు, 66,600 డాలర్ల దాకా జరిమానా అన్నారు. అమెరికాలో, ఇంగ్లండులో జబ్బు మండిపోతున్నప్పుడు ఆ మాట అనలేదే?

బుచ్చి, సింగపూర్:
అక్కా, మీ బాధ నిజం. కానీ అట్టా మూసినందువల్లే ఆస్ట్రేలియాలో మొదటి రెండేళ్ళు ప్రాణనష్టం అంత తక్కువుంది. గాలికొదిలేసిన దేశాల్లో ఎంతమంది పోయారో చూశాం గదా.

ఒంగోలు, మెల్‌బోర్న్:
మూయొద్దని నేనన్లా. మా ఊళ్ళో మొత్తం కలిపి 262 రోజులు లాక్‌డౌన్‌లో ఉన్నాం, అయిదు కిలోమీటర్లు దాటి పోలా, రాత్రి కర్ఫ్యూకి తలొంచాం. పాటించినోళ్ళలో మేమూ ఉన్నాం. తలుపు తెరిచే వరసలో మాత్రం మేం చివర. అదీ నా మాట.

కనిగిరి, జర్మనీ:
సింగపూర్‌లో ఒకటే సర్కారు. ఇక్కడ 16 రాష్ట్రాలు, తలా ఒక రూలు. 2021 జనవరిలో బవేరియాలో బస్సెక్కాలంటే ఎన్95 లాంటి ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కే ఉండాల, పక్క రాష్ట్రంలో మామూలు సర్జికల్ మాస్కు చాలు. క్వారంటైన్ ఆర్డరు ఇచ్చేది ఊరి ఆరోగ్య కార్యాలయం, అదీ పోస్టులో. మా గదిలో ఒకడికి పాజిటివ్ వచ్చింది. ఉత్తరం కోసం చూస్తా కూర్చుంటే క్వారంటైన్ అయిపోయింది గానీ ఉత్తరం రాలా. తీరా చూస్తే కింద పోస్టు డబ్బా మీద నా పేరే అంటించలేదు. పేరు లేని డబ్బాలో పోస్టుమాన్ వెయ్యడు. ఆ ఆర్డరు లేదని ఆఫీసులో జీతం కోశారు. ఇక్కడికొచ్చే పిల్లలకి చెప్తన్నా, అడ్రస్ రిజిస్ట్రేషన్ ఎంత ముఖ్యమో డబ్బా మీద పేరూ అంతే.

వింజమూరు, కువైట్:
ఇన్ని దేశాలు చెప్పారు, మన కృష్ణపట్నం మాట ఎవరూ ఎత్తలేదే. కరోనాకని అక్కడ ఇచ్చిన ఆనందయ్య మందు తెమ్మని మా క్యాంపులో అందరూ అడిగినోళ్ళే.

ఆత్మకూరు, ఇంగ్లండు (నర్సు):
అన్నా, 2021 మే 21న ఆ మందు కోసం జనం తోపులాట టీవీలో చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలా. డ్యూటీలో ఉన్నా. మాస్కుల్లేకుండా అంతమంది ఒకచోట! సర్కారు ఆపి, పరీక్షలు చేయించి, నెలాఖరున కంటి చుక్కలు తప్ప మిగతావాటికి సరేనంది. ఎవరి నమ్మకం వాళ్ళది. విమానాశ్రయంలో మాత్రం దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కోవూరు తమ్ముడూ, నువ్వడిగిందానికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలా. సింగపూర్ 2023 ఫిబ్రవరి 13 నుంచి కోవిడ్ టీకా సర్టిఫికెట్ అడగడం మానేసింది. బుచ్చి అన్న చెప్పిన ఆఫీసు రూలు కూడా 2022 ఏప్రిల్‌లోనే ఎత్తేశారు. అయినా పేరు పాస్‌పోర్టు ప్రకారం సరిచేయించుకో, కొత్త జబ్బు వస్తే ఆ రోజు కోవిన్ సర్వర్ తెరుచుకోదు. తట్టు, డిఫ్తీరియా టీకాల చిన్నప్పటి కార్డు ఇంట్లో ఉంటే ఫొటో తీసి పెట్టుకో.

అమ్మ అడిగిందానికి: ఒంటిగా ఉన్నవాళ్ళ విషయంలో దేశానికో దారి. ఇంగ్లండులో కోవిడ్ లాంటి అంటువ్యాధులకి వీసా ఏదైనా వైద్యం ఉచితం, 111కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. సింగపూర్‌లో 2021 అక్టోబర్ నుంచి ఎక్కువ మందిని గదిలోనే ఉంచి కోలుకోనిచ్చారు. అంటే గది తలుపు దాకా అన్నం తెచ్చి పెట్టే మనిషి ఒకరుండాల. దిగిన వారంలో అట్టాంటి ఇద్దరి నంబర్లు సంపాదించి అమ్మకి కూడా ఇవ్వు. ఒక థర్మామీటరు, పారాసిటమాల్, వేలికి పెట్టే ఆక్సీమీటరు సూట్‌కేసులో వేసుకో.

కోవూరు (కొత్త సభ్యుడు):
అందరికీ చాలా థాంక్స్. అమ్మకి చదివి వినిపించా. కావలి అన్నా, ఆ స్టాంప్ డ్యూటీ ఓనరు కడతాడా, నేను కట్టాలా?

కావలి, సింగపూర్:
నువ్వే కట్టాల. అక్కడే సంతకం చేస్తే, చేసిన 14 రోజుల్లోపు, ఆన్‌లైన్‌లో. కట్టినాక వచ్చే సర్టిఫికెట్ నాకు వాట్సాప్ చెయ్, నేను చూసి చెప్తా.