థ్రిల్లర్, నవల, మెమోయిర్, సెల్ఫ్‌హెల్ప్: నాలుగు రకాల సమీక్షలూ ఒకేలా రాకుండా ఏం చూడాలి?

పుటలపురుగు:
గ్రంథాలయం పత్రికలో నెలకో పేజీ, నాలుగు పుస్తకాలు. ఒక థ్రిల్లర్, ఒక నవల, ఒక మెమోయిర్ (జ్ఞాపకాల పుస్తకం), ఒక వ్యక్తిత్వ వికాసం (సెల్ఫ్‌హెల్ప్). అన్నీ ఈ రెండు మూడేళ్ళలో వచ్చినవే, సగం ఇంగ్లీషువి, సగం తెలుగు అనువాదాలు. ఒక్కోదానికి 250 మాటలు దాటకూడదు. ఆ పేజీ చూసి పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలా వద్దా తేల్చుకునేవాళ్ళే పాఠకులు.

చిక్కేమిటంటే నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టు వస్తున్నాయి. సగం కథ చెప్పడం, "ఏకబిగిన చదివిస్తుంది" అనడం, "ముద్రణ బాగుంది" అని ముగించడం. థ్రిల్లర్‌లో గుట్టు విప్పకుండా ఎంతవరకు చెప్పొచ్చు? సెల్ఫ్‌హెల్ప్ పుస్తకంలో చెప్పే పరిశోధనలన్నీ సరిచూడాలా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

చివరిపేజీ:
థ్రిల్లర్ సంగతి నేను చెప్తాను, మిగతావి మిగతావాళ్ళు అందుకుంటారు.

కథ మొదటి పావు వంతు దాటి చెప్పొద్దు. 320 పేజీల పుస్తకమైతే 80వ పేజీ దగ్గర గీత. వెనక అట్ట మీద అంతకన్నా తక్కువే చెప్పి ఉంటే అక్కడే ఆగండి. అట్ట ఎక్కువ చెప్పేసిందనుకోండి, వాళ్ళు చెప్పారు కదా అని మనం మళ్ళీ చెప్పక్కర్లేదు.

అసలు గుట్టు బయటపడేది కథ చెప్పేచోట కాదు. "చివర్లో ఎవరూ ఊహించని మలుపు" అన్నదే పెద్ద లీకు. అది చదివినవాళ్ళు మొదటి పేజీ నుంచీ మలుపు కోసం కాపు కాస్తారు, కనిపించిన ప్రతి మంచి మనిషినీ అనుమానిస్తారు. "కథ చెప్పే మనిషిని నమ్మొద్దు" అన్నా అంతే, పుస్తకం అయిపోయినట్టే. ఇంకోటి: అనుమానితులు ఐదుగురుంటే నలుగురి పేర్లు రాసి ఒక్కరిని వదిలేసి, జాగ్రత్త పడ్డామనుకుంటాం. ఆ ఐదో పేరు పుస్తకంలో తగలగానే పాఠకులు ఠక్కున పట్టేస్తారు. రాస్తే ఐదూ రాయండి, లేదంటే ఒక్కటీ వద్దు.

తెలుగులో రాసేవాళ్ళకి అదనంగా ఒక గొయ్యి ఉంది. క్రియ. "హంతకుడు మొదటినుంచీ కళ్ళముందే ఉంటాడు" అని రాశారంటే అనుమానితుల్లో ఆడవాళ్ళందరినీ మీరే విడిచిపెట్టేశారు. పోనీ "కిల్లర్" అందామా అంటే, వాక్యం చివరికొచ్చేసరికి "ఉంటాడు" అనో "ఉంటుంది" అనో అనాలి, అక్కడ దొరికిపోతాం. "చంపినవాళ్ళు", "ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా" అని బహువచనంలోకి వెళ్ళిపోండి. గౌరవానికీ అదే వాడతాం కాబట్టి ఎబ్బెట్టుగా ఉండదు. లేదా వాక్యాన్ని మనిషి చుట్టూ కాకుండా పని చుట్టూ తిప్పండి: "హత్య ఎవరి పనో తేలేసరికి..."

అనువాద థ్రిల్లరైతే అనువాదకులు ఇదే గోతిలో పడ్డారేమో చూడాలి. చీకట్లో మెట్లెక్కుతున్న మనిషి ఆడో మగో చెప్పకుండా మూలంలో నాలుగు పేజీలు నడిపి ఉంటారు. తెలుగులో "ఎక్కాడు" అన్న ఒక్క మాటతో ఆ నాలుగు పేజీలూ కూలిపోతాయి. "నేను" అంటూ నడిచే అధ్యాయాలకి ఈ బాధ లేదు. "ఎక్కాను" ఎవరైనా అనొచ్చు.

ఇక బాగోగులు. మొదటిసారి చదివేటప్పుడు అనుమానం ఎవరి మీదికి మారితే ఆ పేజీ నంబరు ఒక చీటీ మీద వేసుకోండి (లైబ్రరీ పుస్తకం, అంచుల్లో గీయకండి). పూర్తయ్యాక మొదటి 60 పేజీలు మళ్ళీ చదవండి. ఆధారం అక్కడ ఉందా? ఉంటే ఎలా దాచారు? చెయ్యి తిరిగినవాళ్ళు దాన్ని వస్తువుల వరసలో మధ్యన పెడతారు: బల్ల మీద కళ్ళజోడు, మందుసీసా, తాళాలు, నిన్నటి పేపరు. లేదంటే చూపించిన మరుక్షణం ఫోను మోగిస్తారు, మన ధ్యాస అటు పోతుంది. ఇవేవీ లేకుండా ఆఖర్న కవల సోదరుణ్ణి దింపితే అది మోసం. ఆ మాటా గుట్టు విప్పకుండానే రాయొచ్చు: "ముగింపు ఏ విషయం మీద ఆధారపడిందో, అది అంతకుముందు ఒక్కచోటా కనిపించదు."

అచ్చుతప్పు:
సెల్ఫ్‌హెల్ప్‌లో అన్ని పరిశోధనలూ సరిచూడడం అయ్యే పని కాదు, అక్కర్లేదు కూడా. పుస్తకం మొత్తం ఏ ఒక్క అంకె మీద నిలబడిందో దాన్ని పట్టుకోండి.

అలవాట్ల పుస్తకాలే తీసుకోండి. "21 రోజులు చేస్తే అలవాటైపోతుంది" అన్నది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేసరికి "కనీసం" ఊడిపోయింది, ముఖమూ ఊడిపోయింది, 21 మిగిలింది.

కాస్త చదివిన రచయితలు 66 రోజులంటారు. అది యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనం, 2010లో అచ్చయింది. 96 మంది, 84 రోజులు. మధ్యాహ్న భోజనంతో పాటు ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం, ఇలాంటివి. 66 అనేది మధ్యస్థం మాత్రమే. ఆ లెక్క కూడా, అలవాటు రోజురోజుకీ ఎంత బలపడిందో చూపే గీత బాగా కుదిరిన 39 మందిది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. అధ్యయనమే 84 రోజులైతే 254 ఎక్కడిది? గీతని ముందుకి పొడిగిస్తే వచ్చిన అంకె. ఒక్కరోజు తప్పినంత మాత్రాన కొంప మునగదని కూడా అందులోనే తేలింది. చదివేవాళ్ళకి పనికొచ్చేది నిజానికి అది. మీ చేతిలోని పుస్తకం "సరిగ్గా 66వ రోజుకి" అని రాస్తే సమీక్షలో ఒక వాక్యం చాలు: ఇది సగటులాంటి అంకె, గడువు కాదు.

10,000 గంటలు సాధన చేస్తే ఏ విద్యలోనైనా ఆరితేరతారనే సూత్రమూ ఇలాంటిదే. 1993లో బెర్లిన్ సంగీత విద్యార్థుల మీద మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్సన్ బృందం చేసిన పనిలో, బాగా వాయించే వయొలిన్ విద్యార్థులకి ఇరవయ్యేళ్ళు వచ్చేనాటికి తేలిన సగటు అది. ఆ గుంపులోనే చాలామంది అంత దాకా రాలేదు.

పుస్తకంలో సరుకెంతో తేలడానికి ఒక పద్ధతి ఉంది. మధ్యలోంచి ఏవైనా 40 పేజీలు తీసుకుని ప్రతి పేరాకి చీటీ మీద ఒక అక్షరం వేయండి: క అంటే కథ, స అంటే సలహా, ప అంటే పరిశోధన. ముప్పాతిక "క"లే ఉంటే ఆ సంగతి అంకెతో సహా రాయండి, ఎవరూ కాదనలేరు. వెనక నోట్సు చూడండి: పరిశోధన పత్రాలున్నాయా, లేక ఒక సెల్ఫ్‌హెల్ప్ పుస్తకం ఇంకో సెల్ఫ్‌హెల్ప్ పుస్తకాన్ని చూపిస్తోందా? తెలుగు అనువాదంలో ఆ నోట్సు ఉంచారో ఎత్తేశారో కూడా చెప్పాలి.

తర్వాత ఒకే ఒక్క అభ్యాసం ఎంచుకుని 14 రోజులు చేయండి. పుస్తకం పది నిమిషాలంటే నిజంగా ఎన్ని పట్టాయి, ఎన్నో రోజున ఆగింది, ఎందుకు, రాసుకోండి. పద్నాలుగు రోజుల్లో అది పనిచేస్తుందో లేదో తేలదు. చేయగలిగేలా చెప్పారో లేదో తేలుతుంది, అంతే. "పొద్దున్నే అయిదింటికి లేవండి" అనే సలహా రాత్రి షిఫ్టు వాళ్ళకి ఎలా వర్తిస్తుందో చాలా పుస్తకాలు చెప్పవు. కుళాయి నీళ్ళు నాలుగున్నరకి వచ్చే ఇళ్ళలో ఆ పుస్తకం కొననే అక్కర్లేదనుకోండి.

పుటలపురుగు:
"క, స, ప" భలే ఉందండీ. మెమోయిర్‌కి ఇలాంటి లెక్క కుదరదు కదా? వాళ్ళ జీవితం వాళ్ళకే తెలుసు. మనం తప్పెలా పడతాం?

అటకమీదిపెట్టె:
పట్టక్కర్లేదు. కానీ పుస్తకం తనతో తను పొసుగుతోందో లేదో చూడొచ్చు. "అబద్ధం" అనే మాట చేతిలో కాగితం ఉంటే తప్ప వాడకండి. "112వ పేజీలో చెప్పింది 205వ పేజీతో కుదరడం లేదు" అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ముందు ఒకటి: ఆత్మకథ పుట్టుక నుంచీ నడుస్తుంది, మెమోయిర్ జీవితంలోంచి కోసిన ఒక ముక్క. ముక్కని పట్టుకుని "బాల్యం గురించి ఏమీ లేదు" అని ఫిర్యాదు చేయకండి.

ఒక కాగితం మీద సంవత్సరాలు నిలువుగా రాసి, ఏ ఏడాదికి ఎన్ని పేజీలో పక్కన వేయండి. ఒక ఏడాదికి 90 పేజీలు, తర్వాతి ఆరేళ్ళకి రెండు పేరాలు అని వస్తుంది. ఆ ఖాళీ గురించి రాయండి. సాధారణంగా సమీక్షలో అసలు విషయం అక్కడే దొరుకుతుంది.

ఆరేళ్ళప్పటి సంభాషణ కొటేషన్లలో ఇరవై వాక్యాలు ఉంటే అది కల్పన కలిసిన జ్ఞాపకం. తప్పు కాదు, ఆ సంగతి ముందుమాటలో ఒప్పుకున్నారా అన్నదే ప్రశ్న. తెలుగులో రాసిన మెమోయిర్లయితే "ట" చూడండి. "తాత ఊరొదిలి వెళ్ళిపోయాడు" వేరు, "వెళ్ళిపోయాడట" వేరు. విన్నదాన్ని విన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు చివరిదాకా విడిగా ఉంచగలిగిన రచయితని నమ్మొచ్చు. అనువాదంలో ఈ "ట" ఎక్కడ వేయాలన్నది అనువాదకుల నిర్ణయం, దాన్ని మూలరచయిత ఖాతాలో వేయకండి.

2003లో వచ్చిన అమెరికన్ రచయిత జేమ్స్ ఫ్రే మెమోయిర్ సంగతి ఈ రంగంలో అందరూ చెప్పుకునేదే. మూడు నెలలు జైల్లో ఉన్నానని రాసినచోట, ఉన్నది కొన్ని గంటలేనని 2006 జనవరిలో బయటపడింది. కొన్నవాళ్ళకి ప్రచురణకర్తలు డబ్బు వాపసు ఇస్తామన్నారు. దానికి పూర్తిగా ఎదురు దారి ఇంకో అమెరికన్ రచయిత్రి టారా వెస్టోవర్‌ది. 2018 నాటి ఆవిడ పుస్తకంలో, అన్నదమ్ముల జ్ఞాపకం తన జ్ఞాపకంతో కలవని చోట ఆ మాట ఫుట్‌నోట్లలో చెప్పేస్తారు. ప్రముఖుల పుస్తకమైతే కృతజ్ఞతల పేజీ చదవండి, వేరెవరు రాసిపెట్టారో తరచూ అక్కడ ఇరుక్కుని ఉంటుంది.

రెండోకూర్పు:
నవలకి పరీక్షలంటూ పెద్దగా చెప్పను. ఒక్క పేరా ఎత్తి చూపండి, చాలు. అట్ట మీదా మొదటి పేజీలోనూ అందరూ మెరుగు పెడతారు కాబట్టి మూడింట రెండు వంతుల దగ్గర, కథ కాస్త నీరసపడే చోటునుంచి తీసుకోండి. నాలుగైదు పంక్తులు. విమర్శ కోసం ఉటంకించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. ఇన్ని మాటలని లెక్క పెట్టలేదు గాని, అధ్యాయం మొత్తం దించేస్తే అది సమీక్ష కాదు.

అనువాద నవలకి "అనువాదం సరళంగా ఉంది" అనడం ఏమీ అనకపోవడమే. వరసలు చూడండి. ఇంగ్లీషులో "అంకుల్" ఒక్కటే. తెలుగులో బాబాయా, పెదనాన్నా, మావయ్యా? 30వ పేజీలో మావయ్య అని పిలిపించి, 200వ పేజీలో ఆయన నాన్న తమ్ముడని తేలితే పాఠకులు తికమక పడతారు. "మీరు", "నువ్వు" కూడా అంతే: భార్యాభర్తలు ఎప్పుడు మీరు నుంచి నువ్వుకి మారారన్నది మూలంలో లేని విషయం, అనువాదకులు తేల్చాల్సింది. మంచి అనువాదాల్లో ఆ మార్పు కథలో ఏదో జరిగిన చోటే వస్తుంది. అనువాదకుల పేరు మొదటి వాక్యంలోనే వేయండి.

మాండలికం ఉన్న నవలకి "మట్టివాసన" అనే మాట మాత్రం దయచేసి వద్దు.

పుటలపురుగు:
రచయిత పంపిన ఉచిత ప్రతి అయితే? 250 మాటల్ని ఎలా పంచుకోవాలి?

అచ్చుతప్పు:
ఉచితమని మొదట్లోనే రాసేయండి, చివర చిన్న అక్షరాల్లో కాదు. కథ లేదా విషయం 60 మాటలు, మీరు పట్టుకున్న ఒక అంశం పేజీ నంబర్లతో 130, ఎవరికి నచ్చదో 40, మిగతావి పేజీలు, వెల, అనువాదకులు. "ఎవరికి నచ్చుతుంది" కన్నా "ఎవరికి నచ్చదు" ఎక్కువ పనికొస్తుంది.

చివరిపేజీ:
థ్రిల్లర్‌కి కథ 60 ఎక్కువే, 40 చాలు. ముద్రణ గురించి ఒక్క సందర్భంలోనే రాయండి: ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్ట) తారుమారైతే. 16 పేజీల ఒక ఫారం రెండుసార్లు పడి ఇంకోటి లేకపోవడం కొత్త పుస్తకాల్లోనూ జరుగుతుంది. సమీక్షకి కూర్చునే ముందు పేజీ నంబర్లు ఒకసారి తిప్పి చూడండి, ముఖ్యంగా ఆఖరి ఫారం.