అమ్మ తల ఊపుతుంది, కానీ ఏం విన్నదో చెప్పదు. ఎలా అడగాలి?

మాది దేవరకొండ. అమ్మకు వినికిడి కాస్త తగ్గింది. థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాల్షియం మాత్ర కనీసం 4 గంటలు ఆగి వేసుకోవాలని నల్గొండలో డాక్టరు గారు చెప్పారు. కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. అమ్మ "సరే సార్" అని తల ఊపింది. ఇంటికొచ్చాక రెండూ ఒకేసారి మింగింది, అదీ టీతో!

ఆయన మాస్కు తీయకుండా, చీటీ వైపు చూస్తూ గబగబా చెబుతారు. మళ్లీ అడగడానికి అమ్మకు మొహమాటం. విన్నది ఆమె మాటల్లోనే తిరిగి చెప్పించుకోవడం మంచి పద్ధతే. కానీ నేను అడిగితే "నాకే పరీక్ష పెడుతున్నావా బిడ్డా?" అని చిన్నబుచ్చుకుంటుంది.

ఆమె మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పించాలి? మాస్కు తీసి, మెల్లగా చెప్పమని డాక్టరు గారిని మర్యాదగా కోరడం ఎలా? అమ్మకు చదువు రాదు, మాత్రల మీద ఎలాంటి గుర్తులు వేస్తే తేలిగ్గా పోల్చుకుంటుంది? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.