పేరు ‘డెవాప్స్ టీమ్’ అయింది, పని తీరు మారలేదు. ముందు ఎక్కడ మొదలుపెట్టాలి?

గచ్చిబౌలి లీడ్:

మాది ఆసుపత్రుల బిల్లింగ్, ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే సాఫ్ట్‌వేర్. సర్వర్లు చూసుకునే ఆపరేషన్స్ వాళ్లకి కిందటేడు ‘డెవాప్స్ టీమ్’ అని పేరు మార్చారు. డెవాప్స్ అంటే కోడ్ రాసేవాళ్లూ దాన్ని నడిపేవాళ్లూ కలిసి పనిచేయడం. కోడ్‌ని దానంతట అదే టెస్ట్ చేసి సర్వర్లకి పంపే జెంకిన్స్ వచ్చింది, సర్వర్ల మీద అప్లికేషన్లని నడిపించే కుబర్నెటీస్ వచ్చింది, గోడ నిండా డ్యాష్‌బోర్డులు వచ్చాయి. పని మాత్రం పాత పద్ధతే. డెవలపర్లు కోడ్ రాసి, టికెట్ వేసి, పక్క టీమ్‌కి అప్పజెప్పి వెళ్లిపోతారు. రెండు వారాల మార్పులన్నీ కలిపి గురువారం రాత్రి ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో పెడతాం. ఏదైనా పోతే అర్ధరాత్రి అందరూ కలిసే బ్రిడ్జ్ కాల్, మర్నాడు మూలకారణం వెతికే ఆర్‌సీఏ మీటింగ్. అందులో మొదటి ప్రశ్న ‘ఎవరి కమిట్ (కోడ్ మార్పు) ఇది?’ అనే. దాంతో జూనియర్లు నోరు విప్పడం మానేశారు.

ఇప్పుడు పైనుంచి ‘హై పెర్ఫార్మింగ్ టీమ్’ కావాలంటున్నారు. ఒక్కొక్కరు నెలకి ఎన్ని డిప్లాయ్‌మెంట్లు (మార్పుల్ని ప్రొడక్షన్‌లో పెట్టడం) చేశారో ఎక్సెల్‌లో పంపమన్నారు, అప్రైజల్‌కి అదే చూస్తారట. టూల్స్ గురించి కాదు, మనుషులతో ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

కూకట్‌పల్లి క్లౌడ్:

బ్రో, ముందు చేత్తో చేసే డిప్లాయ్‌మెంట్ ఏదైనా మిగిలుంటే అది ఆపించండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీలో ఎనిమిది సర్వర్లకి వెళ్లాల్సిన కొత్త కోడ్ ఏడింటికే వెళ్లింది. మిగిలిపోయిన దాంట్లో ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ మళ్లీ నడిచి, 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. స్క్రిప్టు అయితే ఒక సర్వర్‌ని మర్చిపోదు. టెస్టులు, కోడ్‌ని దానంతట అదే ప్రొడక్షన్‌కి చేర్చే పైప్‌లైన్, తేడా వస్తే పాత వెర్షన్‌కి వెళ్లే రోల్‌బ్యాక్ సరిగ్గా ఉంటే మనుషులు వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు.

పాత సిస్అడ్మిన్:

తమ్ముడు చెప్పిన మాట నిజమే, ఆటోమేషన్ లేకుండా కుదరదు. కానీ లీడ్ గారూ, జెంకిన్స్ మీ దగ్గర ఇప్పటికే ఉంది, అయినా ఏమీ మారలేదని మీరే అంటున్నారు. నేనైతే ఆర్‌సీఏ మీటింగ్ దగ్గర మొదలుపెడతాను. సర్వర్ రూమ్‌లో నైట్ షిఫ్టులతో ఉద్యోగం మొదలుపెట్టి, తర్వాత డెవలప్‌మెంట్ టీములు నడిపినదాన్ని. జరిగింది జరిగినట్టు చెప్పుకోగలిగిన టీమే బాగుపడటం చూశాను. అది లేనిచోట ఎంత తెలివైనవాళ్లున్నా అదే ఇన్సిడెంట్ మళ్లీ మళ్లీ వచ్చేది.

కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగింది మీ టీమ్ అంతటికీ చదివించండి. ఒక ఇంజనీర్ సెకండరీ (నకలు) డేటాబేస్ సర్వర్‌లో ఉన్నాననుకుని ప్రైమరీలో (అసలు దాంట్లో) డేటా డైరెక్టరీ తుడిచేశాడు. క్షణాల్లో తేరుకుని ఆపాడు గానీ, దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ కోసం వెళ్తే వాటిని దాచే క్లౌడ్ బకెట్ ఖాళీ. బ్యాకప్ తీసే పీజీ డంప్ ప్రోగ్రాం పాత వెర్షన్‌తో నడుస్తూ రోజూ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లు కూడా మెయిల్ సర్వర్ తిప్పి కొట్టడంతో ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన స్నాప్‌షాట్ (డేటా నకలు) ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, జరిగిందంతా రాసి బయటపెట్టారు. ఆ రాతలో ఆ ఇంజనీర్ పేరు లేదు.

‘ఎవరి కమిట్ ఇది?’ దగ్గరే ఆగుంటే ఒక ఉద్యోగం పోయేది, బ్యాకప్ మాత్రం అలాగే ఫెయిల్ అవుతూ ఉండేది. వాళ్లు రాసుకున్న సవరణల్లో టెర్మినల్ ప్రాంప్ట్ (కమాండ్ టైప్ చేసే చోట ముందు కనిపించే అక్షరాలు) మార్చడం కూడా ఉంది, ఏ సర్వర్‌లో ఉన్నామో చూడగానే తెలిసేలా. అంత చిన్న విషయం బయటికి రావాలంటే అక్కడ కూర్చున్న మనిషికి భయం ఉండకూడదు.

నేను నడిపిన ఒక టీమ్‌లో తప్పు కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైల్) వెళ్లి పేమెంట్లు ఆగాయి. రివ్యూలో ఆ అమ్మాయిని ‘ఆ టైమ్‌కి నీ స్క్రీన్ మీద ఏం కనిపించిందమ్మా?’ అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది: ‘మేడమ్, టెస్టింగ్‌కి వాడే యూఏటీ ఫైల్‌కీ ప్రొడక్షన్ ఫైల్‌కీ పేరులో ఒక్క అక్షరమే తేడా. అందుకే మేమంతా కాపీ చేసేముందు పక్కవాళ్లని పిలిచి చూపించుకుంటాం. నిన్న పక్కన ఎవరూ లేరు.’ అంటే అన్నాళ్లూ ప్రొడక్షన్‌ని కాపాడింది పక్క కుర్చీ! ఆ సంగతి ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు, ఏ మేనేజర్‌కీ తెలియదు. ఆ వారమే ఫైళ్లు వేరే ఫోల్డర్లకి మార్చి, ఎంచుకునే పని పైప్‌లైన్‌కి ఇచ్చాం.

ఇక ఆ ఎక్సెల్ పంపకండి, దయచేసి. మనిషికి ఇన్ని అని లెక్కపెడితే ఒక మార్పుని మూడు ముక్కలు చేసి చూపిస్తారు, పక్కవాడికి సాయం చేసే టైమ్ ఎవరికీ ఉండదు. సాఫ్ట్‌వేర్ టీముల పనితీరు మీద డోరా అనే పరిశోధన చేసినవాళ్లు నాలుగు కొలతలు కలిపి చూడమన్నారు: ఎంత తరచుగా డిప్లాయ్ చేస్తున్నాం, కమిట్ నుంచి ప్రొడక్షన్‌కి ఎంతసేపు పడుతోంది, ఎన్ని మార్పులు దెబ్బతింటున్నాయి, దెబ్బతింటే ఎంతసేపట్లో లేస్తున్నాం. ఇవి మొత్తం సిస్టమ్‌కి కొలతలు, వ్యక్తుల అప్రైజల్‌కి పనికిరావు. తరచుగా డిప్లాయ్ చేస్తే తరచుగా పగులుతుందని మీ పైవాళ్లు భయపడితే, బాగా చేసే టీములకి వేగం, స్థిరత్వం రెండూ కలిసే ఉన్నాయని వాళ్ల సర్వేల్లో ఏడాదికేడాది తేలిన సంగతి చూపించండి. దాని వెనక కారణం కూడా పెద్ద రహస్యమేమీ కాదు. రెండు వారాల మూటలో ఏది పగిలిందో వెతకడానికే రాత్రంతా పడుతుంది. ఒకే మార్పు వెళ్తే పగిలింది అదేనని వెంటనే తెలుస్తుంది.

గచ్చిబౌలి లీడ్:

మేడమ్, చాలా థాంక్స్. ఒక్క సందేహం. డెవలపర్లని ఆన్‌కాల్‌లో (సమస్య వస్తే ఫోన్ అందుకుని చూసే డ్యూటీలో) పెడదామంటే ఇద్దరు సీనియర్లు ‘మా పని కాదు’ అంటున్నారు. బలవంతం చేస్తే రాజీనామా పెట్టేస్తారేమో.

పాత సిస్అడ్మిన్:

బలవంతం వద్దండీ. అమెజాన్ సీటీవో వెర్నర్ వోగెల్స్ 2006లోనే, తయారుచేసినవాళ్లే నడపాలన్నారు. మన దగ్గర చాలాచోట్ల ఆ మాటలో సగమే తీసుకున్నారు, రాత్రి ఫోన్ ఇచ్చి, సరిచేసే అధికారం ఇవ్వలేదు. ముందు మొదటి నెల పగటి ఆన్‌కాల్ మాత్రమే పెట్టండి, ఆపరేషన్స్ మనిషి, డెవలపర్ జంటగా. ఆ నెలలో వచ్చిన ప్రతి అలర్ట్ దగ్గరా ‘దీనికి మనం ఏం చేశాం?’ అని రాయండి. ఏమీ చేయనక్కరలేనివన్నీ తీసేయండి, చాలా పోతాయి. ఆన్‌కాల్ వారంలో వాళ్లకి ఫీచర్ పని ఇవ్వకండి, రాత్రి లేపిన సమస్యని పొద్దున సరిచేయడమే వాళ్ల పని. రాత్రి డ్యూటీకి అలవెన్సు, కాంప్ ఆఫ్ (బదులు సెలవు) హెచ్‌ఆర్‌తో రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే రాత్రి రోస్టర్ మొదలుపెట్టండి. ఆ ఇద్దరు సీనియర్లని అలర్టులు తగ్గించే పనిలో మొదటి రోజు నుంచే కూర్చోబెట్టండి, ఆన్‌కాల్‌లోకి తర్వాత రావచ్చు.