వేలెత్తగానే తాత అటే చూసేస్తున్నాడు, పక్క చూపు పరీక్ష ఎలా?

పర్లాకిమిడి దగ్గర కంటి క్యాంపుల్లో టెక్నీషియన్‌గా చేరి నాలుగు నెలలైంది. నిన్న గుణుపూర్ వైపు నుంచి ఒక తాతను కోడలు తీసుకొచ్చింది, శుక్లాలేమోనని. చార్టు 6/9 దాకా, అంటే దాదాపు మామూలు చూపున్నవాళ్ళలా, చదివేశాడు. కానీ లోపలికొస్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకున్నాడు. పది రోజులుగా కంచంలో ఎడమ పక్క అన్నం అలాగే వదిలేస్తున్నాడట. ఎదురుగా కూర్చుని వేళ్ళు చూపించాను. ఆయన కుడి కన్ను మూశాడు, నేనూ నా కుడి కన్నే మూశాను. వేలెత్తితే చాలు, చూపు అటే! నా కంటినే చూడమని తెలుగులో చెప్పాను, ఒడియాలో "మో ఆఖికు దేఖంతు" అని బతిమాలాను. మూడు చూపిస్తే నాలుగంటాడు. విసుగొచ్చి ‘సహకరించలేదు’ అని రాసి పంపేశాను. రాత్రంతా ఆ గుమ్మమే గుర్తొచ్చింది. తప్పెక్కడ?

— రాయగడ నుంచి:
కన్ను దగ్గరే తప్పు తమ్ముడూ. ఆయన కుడి కన్ను మూస్తే నువ్వు ఎడమది మూయాలి, అద్దంలో చూసుకున్నట్టు. నీ చూపే కదా అక్కడ కొలబద్ద! మీటరు దూరం, కళ్ళు ఒకే ఎత్తు, చెయ్యి ఇద్దరికీ నడిమధ్య. ఒకటి, రెండు, ఐదు వేళ్ళే చూపించు. మూడు, నాలుగు అయితే బాగా కనబడేవాళ్ళూ తడబడతారు. చూపు తిప్పడం అందరూ చేసేదే. పిడికిలి ముందే పరీక్షించే మూల పెట్టుకుని, వేలు తెరిచి ఠక్కున మూసెయ్. నువ్వు మాత్రం ఆయన కంటినే చూస్తుండు.

— సిరోంచ నుంచి:
రెండు చేతులూ ఒకేసారి కదిపి చూశారా? విడిగా చూపితే ఎడమది చెప్పి, కలిపి చూపితే కుడిదే చెబితే, మెదడు ఎడమ పక్కను పట్టించుకోవట్లేదన్నమాట. రెండు కళ్ళకీ ఎడమ సగమే పోతే మెదడు కుడి వైపు దెబ్బ తగిలి ఉండొచ్చు, ఈ వయసులో ఎక్కువగా పక్షవాతమే. బీపీ, షుగరు చూసి వెంటనే పెద్దాసుపత్రికి పంపండి. ఇంకోటి, వేళ్ళ పరీక్ష బాగుందని నీటికాసులు లేవనుకోకండి. మొదట్లో అవి దీనికి దొరకవు, పెరిమెట్రీ, అంటే మెషీన్‌తో పక్క చూపు కొలిచే పరీక్ష, చేయాల్సిందే.

— అడిగినవాణ్ణి:
ఫోన్ చేసి మళ్ళీ రప్పించాను. ఏ కంటికీ ఎడమ పక్క ఒక్క వేలూ కనబడలేదు. బీపీ కూడా బాగా ఎక్కువుంది. బరంపురం పంపించాం. కోడలేమో "శుక్లాల ఆపరేషన్ ఎప్పుడు బాబూ" అని బండెక్కేదాకా అడుగుతూనే ఉంది.

— రాయగడ నుంచి:
మంచి పని చేశావు. సగం తిన్నాక కంచం ఒకసారి తిప్పి పెట్టమని ఆవిడకి చెప్పు.