మూతపడిన చర్చిని దుకాణాలు చేయొచ్చా? స్టాంఫర్డ్ చర్చిలపై మీ అభిప్రాయం చెప్పండి

వేణు_పీటర్‌బరో:
ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో వెలాండ్ నది ఒడ్డున ఉన్న స్టాంఫర్డ్ చిన్న ఊరు. ఒకప్పుడు ఉన్ని వ్యాపారంతో, సంతలతో బాగా బతికింది. మధ్యయుగాల్లో అక్కడ డజనుకు పైగా పారిష్ చర్చిలు (ఒక్కో పేటకు ఒక్కోటి) ఉండేవి. అప్పటివి ఇప్పటికీ ఐదు నిలిచి ఉన్నాయి: సెయింట్ మేరీ, ఆల్ సెయింట్స్, సెయింట్ జార్జ్, సెయింట్ జాన్, నదికి అవతలి ఒడ్డున సెయింట్ మార్టిన్. ఇంగ్లండ్‌లో మొట్టమొదటి కన్జర్వేషన్ ఏరియాగా, అంటే పాత రూపాన్ని కాపాడాల్సిన ప్రాంతంగా, 1967లో ప్రకటించింది ఈ ఊరినే.

అలాంటి ఊళ్లో హైస్ట్రీట్ మీదున్న సెయింట్ మైకేల్ చర్చిని 1980ల్లో దుకాణాలుగా మార్చారు. ఇది జరగకూడని పని అని నా గట్టి అభిప్రాయం. ఆరాధన ఆగిపోతే సెయింట్ జాన్ విషయంలో చేసినట్టు చేయాలి. దాన్ని మూతపడిన చర్చిలను కాపాడే చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్‌కి అప్పగించారు. అందుకే ఆ 15వ శతాబ్దపు చర్చిలో చెక్క దేవదూతల పైకప్పు, పాత రంగుటద్దాలు ఉన్నచోటే ఉన్నాయి. ఎవరైనా లోపలికి వెళ్లి చూడొచ్చు. 1969లో మొదలైన ఈ ట్రస్ట్ ఇప్పుడు 350కి పైగా చర్చిలను చూసుకుంటోంది. వాటిలో చాలావాటికి ప్రతిష్ఠ రద్దు కాలేదు, అప్పుడప్పుడు ఆరాధన కూడా జరుగుతుంది.

సుధారాణి:
వేణు గారూ, సెయింట్ మైకేల్‌ని మిగతా ఐదింటి పక్కన పెట్టి చూడటం సరికాదండి. పాత కట్టడం 1830ల్లో కూలిపోయింది. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టింది. పైగా ఇంత చిన్న ఊరికి అన్ని చర్చిలు ఎప్పుడూ ఎక్కువే. 16వ శతాబ్దంలోనే పారిష్‌లను కలిపేసి కొన్నిటిని వదిలేసుకున్నారు.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ఇంగ్లండ్ అధికారిక సంఘమైన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కి దాదాపు 16,000 చర్చిలున్నాయి. ఆ ట్రస్ట్ చూసుకునేది అందులో ఎంత? మామూలు పారిష్‌లో రిపేర్ల భారం ఆదివారం వచ్చే ఆ కొద్దిమంది మీదే పడుతుంది. సీసపు రేకుల పైకప్పు మార్చాలంటే ఖర్చు లక్షల పౌండ్లకు వెళ్లొచ్చు, దాని మీద 20 శాతం వ్యాట్ అదనం. ఆ వ్యాట్ వెనక్కి ఇచ్చే ప్రభుత్వ పథకానికి 2025లో ఒక్కో చర్చికి ఏడాదికి 25,000 పౌండ్ల పరిమితి పెట్టారు. అద్దె కట్టే దుకాణం ఉంటే కనీసం పైకప్పు కారకుండా ఉంటుంది. తాళం వేసిన చర్చిలో ఒక్క గట్టర్ పూడుకుపోతే చాలు, నీళ్లు గోడల్లోకి దిగి లోపలి దూలాలు కుళ్లిపోతాయి.

మెదక్_బిడ్డ:
నేను క్రైస్తవ సంఘంలో పెరిగినవాణ్ణి, అందుకే మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను. మా మెదక్ కెథడ్రల్ 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. దాన్ని కట్టించిన పాస్నెట్ దొర ఇంగ్లండ్‌లోని వెస్లియన్ మెథడిస్టులనే ప్రొటెస్టెంట్ శాఖ మిషనరీగా మన దగ్గరికి వచ్చాడు. అలాంటి మిషనరీలను పంపిన దేశంలో చాపెళ్లు (చిన్న ప్రార్థనా మందిరాలు) ఒక్కొక్కటే ఫ్లాట్లుగా, కార్పెట్ షాపులుగా మారుతుంటే నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. పిల్లలకు బాప్తిస్మం ఇచ్చిన చోట, పెద్దల్ని పాతిపెట్టిన చోట బిల్లింగ్ కౌంటర్ పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. సుధారాణి గారి లెక్క నిజమే కావచ్చు. కానీ అమ్మేముందు వేరే సంఘానికి ఇవ్వజూపాలి. చర్చిల్లేక స్కూలు హాళ్లలో ఆరాధన జరుపుకునే వలస సంఘాలు ఇంగ్లండ్ నిండా ఉన్నాయి.

రాతిపని:
ఇదే స్టాంఫర్డ్‌లో సెయింట్ పాల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 16వ శతాబ్దంలో ఆ పారిష్ రద్దయ్యాక, మిగిలిన భాగాన్ని 1532లో పుట్టిన స్టాంఫర్డ్ స్కూల్ తరగతి గదిగా వాడుకుంది. శతాబ్దాల పాటు అది బడే. 1930లో దాన్ని మళ్లీ చాపెల్ చేశారు. ఆ బడి లేకపోయి ఉంటే ఆ గోడలు కూడా ఎప్పుడో పోయేవి. అందుకే నేను చూసేది ఒక్కటే: చేసిన మార్పును రేపు తీసేయగలమా, లేదా? బెంచీలు తీసి కచేరీలు పెట్టినా, లైబ్రరీ పెట్టినా, కేఫ్ పెట్టినా నాకు అభ్యంతరం లేదు. మధ్యలో అంతస్తులు వేసి, గోడలు కోసి షాపు అద్దాలు బిగిస్తే మాత్రం వెనక్కి దారి ఉండదు.

వేణు_పీటర్‌బరో:
రాతిపని గారూ, సెయింట్ పాల్‌లో దక్కింది కొంత భాగమే, మిగతాది పోయింది కదా. బడికి ఎంత అవసరమో అంతే మిగిలింది. వాడుకునేవాళ్లు తమకు పనికొచ్చేదే కాపాడతారు, నా భయమంతా అదే. సెయింట్ మార్టిన్‌లో మొదటి ఎలిజబెత్ మంత్రి విలియం సెసిల్ సమాధి ఉంది, 1598లో పోయాడాయన. ఆల్ సెయింట్స్‌లో బ్రౌన్ కుటుంబపు ఉన్ని వర్తకుల ఇత్తడి ఫలకాలున్నాయి. రేపు అక్కడ కేఫ్ పెడితే ఆ ఫలకాల మీద టేబుళ్లు వేయరని హామీ ఎవరిస్తారు?

సుధారాణి:
హామీ అనుమతి పత్రంలోనే రాయించొచ్చండి. ఆరాధన జరిగే చర్చిలో బెంచీ కదపాలన్నా డయోసిస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం) నుంచి 'ఫ్యాకల్టీ' అనే అనుమతి కావాలి. సమాధుల చుట్టూ, ఫలకాల మీద ఏమీ పెట్టకూడదని అందులోనే షరతు పెట్టించాలి. మూసేశాక ఆ పట్టు చాలావరకు పోతుంది. కాబట్టి ఆరాధన ఇంకా నడుస్తుండగానే ఒక పక్క కేఫో, పోస్టాఫీసో పెట్టనివ్వండి. దానికి కూడా వద్దంటే, చివరికి కొనడానికి వచ్చేది బిల్డరే.