ఎట్టా జేమ్స్ రికార్డు రెండో వైపు చివర జీరగా వినిపిస్తోంది, కారణం ఏమిటి?

అందరికీ నమస్కారం. 1967లో కేడెట్ సంస్థ విడుదల చేసిన అమెరికన్ గాయని ఎట్టా జేమ్స్ ‘టెల్ మామా’ సింగిల్ రికార్డు ఇటీవల నా చేతికి వచ్చింది. అలబామాలోని ఫేమ్ స్టూడియోలో రిక్ హాల్ ఆధ్వర్యంలో రికార్డయిన ‘ఐడ్ రాదర్ గో బ్లైండ్’ దాని రెండో వైపున ఉంది. రెండే కార్డ్స్ (కలిపి వాయించే స్వరాల గుంపులు) మీద ఆర్గన్ నింపాదిగా సాగుతుంటే, విడిపోతున్న మనిషిని చూస్తూ ఆమె పాడే ఆ పాట కోసమే ఈ రికార్డు కొన్నాను.

మొదటి వైపు శుభ్రంగా పలుకుతోంది. రెండో వైపు మాత్రం సూది లేబుల్‌కు దగ్గరయ్యే కొద్దీ, ఆమె గొంతు పైకెత్తిన ప్రతిచోటా జీర వస్తోంది. లోపలి గాడిలో సూది కింద వేగం తగ్గుతుందని తెలుసు. కానీ అదే కారణమైతే మొదటి వైపు కూడా అలాగే ఉండాలి కదా? డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తని బ్రష్‌తో రెండుసార్లు కడిగినా మార్పు లేదు. బహుశా దీన్ని ఇంతకుముందు దాచుకున్నవారు కూడా ఈ వైపే పదేపదే విని ఉంటారు.

గాడి అరిగిందో, సూది అమరికలోనే లోపముందో ఎలా తేల్చుకోవాలి? ఎలిప్టికల్ (కోల మొన) సూదికి బదులు కోనికల్ (గుండ్రని మొన) సూది వాడితే ఫలితం ఉంటుందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.